గోడకు నెమ్ము, పిల్లకు నెమ్ము

2022 ఆగస్టులో ఈ ఫ్లాట్ తాళాలు మా చేతికొచ్చాయి. అంతకు ముందు పదకొండు నెలలు నలుగురం ఒకే గదిలో ఉన్నాం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఇదే ఊళ్ళో, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాళ్ళు తాత్కాలికంగా ఇచ్చిన గది అది. మా వారికి వెన్ను ఆపరేషన్ అయి గోడౌన్ పని పోయింది. సరిగ్గా అప్పుడే మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరు ఇల్లు అమ్ముకుంటానని సెక్షన్ 21 నోటీసిచ్చాడు. అద్దె బాకీ లేకపోయినా, మన తప్పేమీ లేకపోయినా ఖాళీ చేయించడానికి అప్పట్లో వీలిచ్చిన నోటీసు అది. మాకు అప్పటికే ఇక్కడి పౌరసత్వం ఉంది కాబట్టి సోషల్ హౌసింగ్, అంటే కౌన్సిల్ లాంటి సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళ జాబితాలో పేరు పెట్టుకోగలిగాం. వారం వారం ఖాళీ ఇళ్ళు చూడడం, ఆ ఇల్లు మాకివ్వమని బిడ్ పెట్టడం, వరసలో నలభయ్యో స్థానం, ముప్ఫయ్యో స్థానం అని చూసుకుని నిట్టూర్చడం. చివరికి అలాంటి ఇళ్ళు నడిపే ఒక హౌసింగ్ అసోసియేషన్ వాళ్ళ రెండు బెడ్‌రూముల ఫ్లాట్ దొరికింది. మూడో అంతస్తు, అదే పై అంతస్తు. బిల్డింగుకి చివర ఫ్లాటు కావడంతో పిల్లల గదికి రెండు వైపులా బయటి గోడలే.

ఆ చివర గోడలే తర్వాత మా పాప ఊపిరితో ఆడుకున్నాయి. తాళాలు తీసుకున్న రోజు మాత్రం రెండు వైపుల నుంచీ వెలుతురొస్తుందని సంతోషపడ్డాను.

డిసెంబర్‌లో బీరువా జరిపితే వెనక గోడ మీద నల్లటి చుక్కలు కనిపించాయి. మిరియాల పొడి చల్లినట్టు సన్నగా ఉన్నాయి. తడిగుడ్డతో తుడిస్తే పోయాయి. పది రోజులకు మళ్ళీ వచ్చాయి, ఈసారి అరచేతి వెడల్పున. మా అబ్బాయి పుస్తకాల సంచి గోడకు ఆనించి పెడితే దాని అడుగున తెల్లటి బూజు. బట్టల్లో ఒక వాసన, వర్షాకాలంలో మూసిపెట్టిన పాత ట్రంకుపెట్టె తెరిస్తే వస్తుందే, అది.

అప్పుడే నేను ఫోను చేసి ఉండాల్సింది. నెలన్నర చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలి, ఎందుకంటే నాలాగే ఊరుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని ఇప్పుడు నాకు తెలుసు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని మా అత్తయ్య అంటుంటారు. ఈ ఇల్లు కూడా నా మనసులో దానమే. పదకొండు నెలలు ఒక గదిలో ఉండి వచ్చినవాళ్ళం, రెండు గదులిస్తే గోడ మీద మచ్చలున్నాయని అడగడమా? ఫిర్యాదు చేస్తే మళ్ళీ బయటికి పంపేస్తారేమోనని ఒక పక్క భయం. నెలనెలా అద్దె కడుతున్నామన్న సంగతి నాకు గుర్తే రాలేదు. అద్దె పుచ్చుకునేవాడికి ఆ ఇంటిని నివాసానికి పనికొచ్చేలా ఉంచాల్సిన బాధ్యత ఉంటుందని, 2018లో చేసిన చట్టం ఒకటి ఆ మాటే చెబుతోందని తర్వాతెప్పుడో తెలిసింది.

అంతకు నెల ముందే, 2022 నవంబర్‌లో, టీవీలో ఆ బాబు వార్త చూశాను. అవాబ్ ఇషాక్. మాంచెస్టర్ పక్కన రాచ్‌డేల్‌లో ఉండేవాడు. రెండో పుట్టినరోజు దాటిన ఎనిమిది రోజులకు, 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ కుటుంబానిదీ సోషల్ హౌసింగ్ ఫ్లాటే. వాళ్ళ నాన్న 2017 నుంచి బూజు గురించి చెబుతూనే ఉన్నాడట, పెయింటు వేసుకోమన్నారట. ఇంట్లో ఎక్కువ కాలం బూజుకు గురి కావడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస సమస్యతోనే ఆ బిడ్డ పోయాడని, మరణ కారణాన్ని విచారించే అధికారి కరోనర్ తేల్చిచెప్పారు. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, పాపం ఆ తల్లి అనుకున్నాను. మా గోడకూ ఆ వార్తకూ ముడిపెట్టుకోలేదు. అప్పటికి మా పాపకు రెండున్నర ఏళ్ళు.

2023 జనవరి చివర్లో హౌసింగ్ అసోసియేషన్ వాళ్ళకు మొదటిసారి ఫోను చేశాను. మార్చిలో ఒకతను వచ్చి గోడ మీద మందు కొట్టి, ఆరాక తెల్లటి పెయింటు వేసి వెళ్ళాడు. మంచివాడు, నలభై నిమిషాల్లో ముగించాడు. ఎండాకాలమంతా గోడ శుభ్రంగా ఉంది. అక్టోబర్‌లో ఆ కొత్త పెయింటు మీదే పొక్కులు లేచి, లోపలి నుంచి నలుపు బయటికొచ్చింది.

పాపకు దగ్గు కూడా అక్టోబర్‌లోనే మొదలయింది. ముందు నర్సరీలో అంటుకున్న జలుబే అనుకున్నాం. జలుబు తగ్గేది, దగ్గు తగ్గేది కాదు. పగలు బాగానే ఆడుకునేది, రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని దగ్గేది. వీడియో కాల్‌లో అత్తయ్య విని, "అమ్మాయ్, అది మామూలు దగ్గు కాదు, పిల్లకు నెమ్ము చేసింది. ఛాతీలో పిల్లికూతలు వినపడుతున్నాయి చూడు" అన్నారు. నేను ఫోను పక్కన పెట్టి పాప వీపుకి చెవి ఆనించాను. నిజమే. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా పిల్లికూత. నా చెవికి ఎదురుగా అదే గోడ. మన భాషలో గోడకు పట్టినదాన్నీ, ఛాతీకి పట్టినదాన్నీ ఒకే మాటతో నెమ్ము అనే అంటామని ఆ క్షణంలోనే నాకు తట్టింది. మన పెద్దవాళ్ళు ఊరికే అలా అని ఉండరు.

2024 జనవరిలో ఒక రాత్రి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది, మెడ కింద గుంట పడుతోంది. మాట్లాడమంటే ఒక్కో మాటకు ఆగుతోంది. వైద్య సలహా ఇచ్చే 111 నంబరుకు ఫోను చేస్తే వాళ్ళే అంబులెన్స్ పంపారు. ఎమర్జెన్సీలో ఆక్సిజన్ 91 శాతమే చూపించింది. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం ముఖానికి పెట్టి నీలం ఇన్హేలర్ పది పఫ్‌లు, కాసేపాగి మళ్ళీ పది. స్టెరాయిడ్ మందు కూడా ఇచ్చారు. రెండు రాత్రులు వార్డులో ఉన్నాం. రెండో రాత్రికే పాప హాయిగా నిద్రపోయింది. నాలుగు నెలల్లో అంత హాయిగా నిద్రపోవడం అదే మొదలు. దానికి కారణం మందే అనుకున్నాను. ఆ వార్డు గోడలు పొడిగా ఉన్నాయన్న సంగతి అప్పుడు నా ఆలోచనలో లేదు.

ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి.

మా ఫ్యామిలీ డాక్టరమ్మ (ఇక్కడ జీపీ అంటారు) ఒక ప్రశ్న అడిగింది, ఇంతకు ముందు ఎవరూ అడగనిది: "ఇంట్లో చెమ్మ ఉందా?" ఫోనులో ఫొటో చూపించాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. ఐదేళ్ళలోపు పిల్లలకు ఆస్తమా అని ఖాయంగా చెప్పడం కష్టమని, ఊపిరి పరీక్షలు ఆ వయసువాళ్ళు సరిగ్గా చేయలేరని, ప్రస్తుతానికి ఆస్తమా అనుమానం అని రాస్తున్నానని చెప్పింది. రోజూ వాడడానికి గోధుమరంగు ఇన్హేలర్ రాసింది. బూజు గాల్లోకి వదిలే సూక్ష్మమైన బీజాలు ఊపిరిగొట్టాలను రేపుతాయని, చెమ్మ ఉన్న ఇంట్లో పరుపుల్లో దుమ్ముపురుగులు కూడా పెరుగుతాయని, అవి రెండూ కలిస్తే ఇలాంటి పిల్లలకు మందు ఒక్కటే సరిపోదని వివరించింది. ఇంటివాళ్ళకు, అంటే హౌసింగ్ అసోసియేషన్ వాళ్ళకు ఇవ్వమని ఒక ఉత్తరం రాసిచ్చింది. ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. అసలు ఇవ్వకుండా నకలే ఇవ్వాలని నాకు చెప్పింది కింద ఫ్లాట్ పెద్దావిడ. నలభై ఏళ్ళుగా ఇలాంటి ఇళ్ళల్లోనే బతికిన మనిషి.

ఆ ఉత్తరం పంపాక కూడా ఇంటి పరిస్థితి పరిశీలించే సర్వేయర్ రావడానికి నవంబర్ అయింది. మధ్యలో మందు కొట్టేవాళ్ళు ఇంకో రెండుసార్లు వచ్చారు.

సర్వేయర్ సందర్శన గురించి కాస్త వివరంగా చెప్పాలి. యువకుడు, మర్యాదగా మాట్లాడాడు. గోడకు మీటర్ ఆనించి చూశాడు. తర్వాత వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలు చూశాడు. హాల్లో స్టాండు మీద ఆరేసిన బట్టలు చూశాడు. ఎన్నిసార్లు వండుతారు, ఎంతసేపు ఉడికిస్తారు, రోజూ స్నానం చేస్తారా, కిటికీలు తెరుస్తారా అని అడిగి టాబ్లెట్‌లో రాసుకున్నాడు. వారం తర్వాత రిపోర్ట్ వచ్చింది. కండెన్సేషన్ (ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవడం), కారణం: కుటుంబం జీవనశైలి. కిటికీలు తెరవండి, హీటింగ్ వేసి ఉంచండి, బట్టలు ఇంట్లో ఆరేయకండి, గిన్నెలకు మూతలు పెట్టండి.

ఆ కాగితం చదివినప్పుడు నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. నా వంట వల్లే, నా బట్టల వల్లే బిడ్డకు ఊపిరాడడం లేదని నమ్మాను. ఆ రోజు నుంచి నేను చేసినవన్నీ చెబుతున్నాను. అన్నం తప్ప ఏదీ ఎక్కువసేపు ఉడికించడం మానేశాను. తడి బట్టలు సంచుల్లో వేసుకుని లాండ్రీ షాపుకు మోసి, అక్కడ ఆరబెట్టించి తెచ్చాను. వారానికి రెండుసార్లు, డబ్బిచ్చి. రెండు డిగ్రీల చలిలో పొద్దున్నే అరగంట కిటికీలన్నీ తెరిచాను. మాది ముందే డబ్బు వేసుకునే ప్రీపేమెంట్ గ్యాస్ మీటరు. హీటింగ్ వేసి కిటికీ తెరిస్తే ఆ డబ్బు కళ్ళ ముందే బయటికి పోతుంది. ఇళ్ళల్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పిల్లల గది ఆ చలికాలం తెల్లవారుజామున 14 దాటింది లేదు. మావారు రాత్రిళ్ళు లేచి గోడ తుడిచేవారు. వెన్ను వంగని మనిషి. "మీరు పడుకోండి, నేను తుడుస్తాను" అంటే, "నువ్వు పొద్దున పనికి పోవాలి కదా" అనేవారు. నేను వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేస్తాను. ఆ నెలల్లో ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్న మాటలు ఇక్కడ రాయను. నిద్ర లేని ఇంట్లో మనుషులకు ఏమవుతుందో అదే మాకూ అయింది. మా అబ్బాయి మాత్రం ఇంటికి ఫ్రెండ్స్‌ని పిలవడం పూర్తిగా మానేశాడు. బట్టల వాసన గురించి స్కూల్లో ఎవరో ఏదో అన్నారని ఏడాది తర్వాత చెప్పాడు.

2024 డిసెంబర్ ఆఖర్లో మా మరిది వాళ్ళింటికి వెళ్ళాం, వేరే ఊరు. క్రిస్మస్ సెలవులు, రెండు వారాలు. వెళ్ళేముందు మావారికి ఒక ఆలోచన వచ్చింది. ఆన్‌లైన్లో చవగ్గా కొన్న తేమ మీటరు ఒకటి ఉంది, గదిలో ఎక్కువలో ఎక్కువ ఎంత తేమ ఉందో గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని సున్నా చేసి పిల్లల గదిలో పెట్టారు. హీటింగ్ 15 డిగ్రీల మీద వదిలారు. గోడ మీద మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, తేదీ రాసి, ఫొటో తీశారు. తలుపులు మూసి బయల్దేరాం.

ఆ రెండు వారాల్లో మా ఫ్లాట్లో ఎవరూ వండలేదు. ఎవరూ స్నానం చేయలేదు, ఒక్క బట్ట ఆరేయలేదు, చివరికి ఊపిరి పీల్చిన మనిషి కూడా లేడు. తిరిగొచ్చి తలుపు తీస్తే మీటరు మీద అత్యధికం 86 శాతం. ఇంట్లో గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉంటే మంచిదంటారు. మచ్చ పెన్సిల్ గీత దాటి నాలుగు వేళ్ళ వెడల్పున పాకింది. మధ్యలో మూడు రోజులు గట్టి వాన పడిందని కింద పెద్దావిడ చెప్పింది. ఇంకో సంగతి. మరిది వాళ్ళింట్లో ఉన్న పద్నాలుగు రోజుల్లో పాపకు నీలం ఇన్హేలర్ వాడింది ఒకే ఒక్కసారి.

నేను ఆ గోడ ముందు నేల మీద కూర్చుండిపోయాను. ఇది నా వంట కాదు. నా బట్టలు కాదు. నీళ్ళు గోడలోనే ఉన్నాయి.

అక్కడి నుంచి నేను మారిపోయాను. ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, పొద్దున మీటరు రీడింగు, వాన పడిందా లేదా, పాప రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎన్ని పఫ్‌లు, స్కూలు మానిందా. ఎవరికి ఫోను చేశాను, ఎన్ని గంటలకు, రిఫరెన్స్ నంబరు ఎంత. ఫోనులో చెప్పిన ప్రతిదీ వెంటనే ఈమెయిల్లో కూడా రాసేదాన్ని, "ఇందాక మనం మాట్లాడుకున్నది ఇదీ" అని. రిపేర్ కోసం ఫోను చేయడం వేరు, ఫిర్యాదు వేరు అన్నది చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎన్నిసార్లు ఫోను చేసినా అది రిపేర్ రిక్వెస్టుగానే పడుతుంది. "నేను ఫిర్యాదు చేస్తున్నాను" అని ఆ మాటతోనే రాస్తే అప్పుడు దానికి గడువులు మొదలవుతాయి. ఇలాంటి ఇళ్ళ మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర సంస్థ హౌసింగ్ అంబుడ్స్‌మన్ పెట్టిన నియమావళి 2024 ఏప్రిల్ నుంచి చట్టబద్ధమైంది. దాని ప్రకారం ఐదు పనిదినాల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, అక్కడి నుంచి పది పనిదినాల్లో మొదటి దశ జవాబివ్వాలి. నచ్చకపోతే రెండో దశ, దానికి ఇరవై. ఆ తర్వాత నేరుగా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు.

జనవరిలో మొదటి దశ, మార్చిలో రెండో దశ పెట్టాను. రెండింటికీ క్షమాపణలతో జవాబులొచ్చాయి. గోడను మళ్ళీ పరిశీలిస్తామన్నారు. ఎండలొచ్చాక గోడ ఆరింది, వాళ్ళూ మరిచారు. జూన్‌లో అంబుడ్స్‌మన్‌కు రాశాను.

ఆ కాగితాలు తయారు చేస్తున్నప్పుడే ఒక విషయం కంటపడింది. బూజు మీద ఆ అంబుడ్స్‌మన్ 2021 అక్టోబర్‌లోనే ఒక నివేదిక ఇచ్చి ఉన్నారు. దాని పేరులోనే ఉంది, ఇది జీవనశైలి సమస్య కాదు అని. అంటే మా ఇంటికి సర్వేయర్ రావడానికి మూడేళ్ళ ముందే ఈ మాట అచ్చయి ఉంది. అవాబ్ కుటుంబం విషయంలోనూ ఇదే జరిగింది. వాళ్ళు మతాచారం ప్రకారం స్నానాలు చేస్తారని, నీళ్ళు ఎక్కువ పోస్తారని ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళే ఊహించుకున్నారు. మా దగ్గర గిన్నెల మూతలు. కొందరి ఇళ్ళకు వచ్చినప్పుడు మీటరు కన్నా ముందు మనిషిని చూస్తారన్నది నాకు బాగా అర్థమైంది. నలుగురున్న ఇంట్లో వంట, స్నానం, ఊపిరి అన్నీ కలిసి రోజుకు లీటర్ల కొద్దీ నీటిని గాల్లోకి వదులుతాయి, నిజమే. కానీ అది అన్ని ఇళ్ళల్లోనూ జరిగేదే. మనుషులుంటే వచ్చే ఆవిరి బయటికి పోవడానికే ఫ్యాన్లు పెడతారు, గోడ చల్లబడకుండా ఉండడానికే లోపల ఇన్సులేషన్ పెడతారు. అవి పనిచేస్తున్నాయా అని చూడకుండా, మీరెందుకు ఊపిరి పీలుస్తున్నారని అడిగితే ఏం చెప్పాలి?

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పేస్తాను. కోపంతో అద్దె ఆపేద్దామని మావారు ఒకసారి అన్నారు. కింద పెద్దావిడ చేతులు పట్టుకుని వద్దంది. అద్దె ఆపితే అది బాకీ అవుతుంది, బాకీ కోర్టుకు పోతుంది, అప్పుడు గోడ సంగతి ఎవరూ మాట్లాడరు, బాకీ సంగతే మాట్లాడతారు. మేం ఒక్క నెల కూడా ఆపలేదు. మాలాగా హౌసింగ్ అసోసియేషన్ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు కౌన్సిల్‌లో పర్యావరణ ఆరోగ్య అధికారులను పిలిచి ఇల్లు చూపించుకోవచ్చు, మనిషికి కలిగే హానిని బట్టి వాళ్ళు ఇంటిని లెక్కగడతారు. నేను ఆ దారిలో వెళ్ళేలోపే ఇంకో దారి తెరుచుకుంది.

2025 అక్టోబర్ 27న ఆ బాబు పేరు మీద వచ్చిన నిబంధనలు ఇంగ్లండ్‌లో సోషల్ హౌసింగ్‌కు అమల్లోకొచ్చాయి. అవాబ్స్ లా అంటారు. 2023 నాటి సోషల్ హౌసింగ్ చట్టం దీనికి పునాది. ఆరోగ్యానికి గణనీయమైన హాని చేసే చెమ్మ, బూజు ఉండవచ్చని తెలిసిన పది పనిదినాల్లోపు ఇంటివాళ్ళు వచ్చి పరిశీలించాలి. పరిశీలన ముగిసిన మూడు పనిదినాల్లో ఏం తేలిందో రాసివ్వాలి. ప్రమాదం ఉందని తేలితే ఐదు పనిదినాల్లో దాన్ని అదుపులోకి తేవాలి. ప్రాణం మీదికొచ్చే అత్యవసరమైతే ఇరవై నాలుగు గంటలు. గడువులోగా చేయలేకపోతే వాళ్ళ ఖర్చుతో వేరే చోట ఉంచాలి. నవంబర్ 3న కొత్తగా రాశాను. ఈసారి నాలుగే వాక్యాలు. పాప వయసు, ఇన్హేలర్లు, ఆస్పత్రి తేదీ, తేమ మీటరు రీడింగు. నోటుపుస్తకం ఫొటోలు, పెన్సిల్ గీత ఫొటోలు జతచేశాను.

తొమ్మిదో పనిదినాన వచ్చాడు. ఈయన పెద్దాయన, రిటైర్మెంట్‌కు దగ్గరున్నట్టున్నాడు. వంటగదిలోకి అడుగు పెట్టలేదు. "బాత్రూమ్ ఫ్యాన్ వేయండి" అన్నాడు. వేశాను. టిష్యూ కాగితం పెట్టి చూశాడు, కాగితం ఫ్యాన్‌కు అంటుకుంది. "గాలి లాగుతోంది. మరి ఎక్కడికి పంపుతోంది?" అని తనలో తనే అనుకుని, నిచ్చెన తెచ్చి అటక మూత తీసి టార్చి వేశాడు. ఐదు నిమిషాల తర్వాత నన్నూ పైకి రమ్మన్నాడు. ఫ్యాన్ నుంచి బయటికి పోవాల్సిన గొట్టం ఊడి అటక మీద పడి ఉంది. మా స్నానాల ఆవిరంతా ఇన్నేళ్ళూ మా పిల్లల తల మీదున్న కప్పులోకే పోయింది. తర్వాత కిందికి దిగి, బయట నిలబడి చివర గోడ వైపు చాలాసేపు చూశాడు. వాన నీటి గట్టర్ అతుకు విడిపోయి ఉంది. అక్కడి నుంచి ఇటుకల మీద పచ్చటి నాచు చార, సూటిగా పిల్లల గది మూలకు. గోడకు చిన్న రంధ్రం చేసి సన్నటి కెమెరా పెడితే, రెండు వరుసల ఇటుకల మధ్య ఇన్సులేషన్‌గా నింపిన ఉన్ని తడిసి ముద్దయి కిందికి జారిపోయి కనిపించింది. తడిసిన ఉన్ని వెచ్చదనాన్ని ఆపదు, చలిని లోపలికి మోస్తుంది. ఆ చల్లటి గోడకు గదిలోని ఆవిరి తగిలితే నీరవుతుంది, అక్కడే బూజు.

"ఇది మీరు చేసింది కాదమ్మా" అన్న అర్థంలో ఏదో అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన పక్కకు తిరిగి టార్చి సర్దుకున్నాడు.

తర్వాతవన్నీ చకచకా జరిగాయి. రెండో పనిదినానే రిపోర్టు వచ్చింది. గోడ తెరవాలి కాబట్టి పిల్లల గదిలో ఎవరూ పడుకోకూడదని మమ్మల్ని వాళ్ళదే ఇంకో ఖాళీ ఫ్లాటుకు మార్చారు. గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ పెట్టారు, మొదటి రాత్రే మూడు లీటర్ల నీళ్ళు పట్టింది. దానికయ్యే కరెంటు ఖర్చు అడిగితే ఇచ్చారు, అడగకపోతే ఇచ్చేవారు కాదు. గట్టర్, ఫ్యాన్ గొట్టం డిసెంబర్‌లో అయ్యాయి. తడి ఉన్ని తీసి కొత్తది నింపడం, ప్లాస్టర్ కొట్టడం జనవరి చివరిదాకా సాగింది. ఫిబ్రవరి రెండో వారంలో తిరిగొచ్చాం.

ఇప్పుడు గదిలో మీటరు 52, 55, వాన రోజున 58. పాపకు ఈ వేసవిలో ఆరేళ్ళు నిండుతాయి. పరీక్ష చేయగలిగే వయసు వచ్చింది, ఆస్తమా ఉందని ఖాయమైంది. గోధుమరంగు ఇన్హేలర్ కొనసాగుతోంది, మోతాదు తగ్గించారు. ఇల్లు బాగుపడితే ఛాతీ పూర్తిగా బాగుపడుతుందని నేను ఆశపడ్డాను, డాక్టరమ్మ అలా మాటివ్వలేనంది. మొదటి నల్లచుక్కలు చూసిన రోజే గోడ తెరిచి ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్న నన్ను వదలదు. అంబుడ్స్‌మన్ దగ్గర మా కేసు ఇంకా నడుస్తోంది. నేను అక్కడ అడిగింది ఒకటే, ఆ మొదటి రిపోర్టులో కుటుంబం జీవనశైలి అన్న మాట మా ఫైల్లోంచి కొట్టేయమని.

కింద పెద్దావిడ వంటగది గోడకూ అదే గట్టర్ నీళ్ళు దిగాయి. ఆవిడ ఏళ్ళ తరబడి దగ్గుతోంది, వయసు దగ్గు అనుకునేది. పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని నాలుగు వాక్యాల ఈమెయిల్ రాశాం. గురువారం పదింటికి సర్వేయర్ వస్తానన్నాడు. ఆ రోజు షిఫ్ట్ మార్చుకున్నాను. తేమ మీటరు ఇప్పుడు ఆవిడ కిటికీ గట్టు మీద ఉంది, రోజూ పొద్దున రీడింగు చూసి కింద నుంచి కేకేసి చెబుతుంది. నేను రాసుకుంటున్నాను.